ప్రేరణతో అమరిక మార్చుకునే అణు సమూహాలు: రూపకల్పన ఎక్కడ మొదలుపెట్టాలి, తరగతిలో ఎలా చెప్పాలి?

గోదావరి_రసాయనం రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను పీజీ తరగతులకు కర్బన రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో ఒక కొత్త యూనిట్ చెప్పవలసి ఉంది. వెలుతురు, ఆమ్లం, విద్యుత్తు లాంటి ప్రేరణ తగిలినప్పుడు ఒక అమరిక నుంచి మరో అమరికకు మారి, ఎదురు ప్రేరణతో మళ్లీ పాత అమరికకు వచ్చే అణు సమూహాల రూపకల్పన ఆ యూనిట్ విషయం. 2016లో అణు యంత్రాల రూపకల్పనకు సోవాజ్, స్టోడార్ట్, ఫెరింగాలకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చిందని పిల్లలకు తెలుసు. రోటాక్సేన్ బొమ్మ గీయమంటే ఇరుసు, దాని మీద ఉంగరం, ఉంగరం జారిపోకుండా రెండు కొసల్లో లావుపాటి సమూహాలు చక్కగా గీస్తారు. కానీ "ఇలాంటిదాన్ని మీరే రూపొందించాలంటే మొట్టమొదట ఏం నిర్ణయించుకుంటారు?" అని అడిగితే తరగతిలో ఒక్కరూ నోరు విప్పడం లేదు.

మీ నుంచి రెండు విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను. రూపకల్పనను ఏ ప్రశ్నతో మొదలుపెట్టి చెప్పాలి? ఎన్ఎంఆర్ (అణు నిర్మాణం తెలిపే అయస్కాంత వర్ణపట పరికరం) లేని మా ప్రయోగశాలలో, అంటే పీహెచ్ మీటరు, కలరిమీటరు, టీఎల్‌సీ (పలుచని పొర మీద పదార్థాలను విడదీసే క్రోమటోగ్రఫీ) పలకలు, ఒక యూవీ దీపం మాత్రమే ఉన్న చోట, ఈ మార్పును పిల్లలు కళ్లారా చూసే ప్రయోగాలు ఏమున్నాయి?

వలయబంధం రాశారు:

మేడమ్, నా ఉద్దేశంలో మొదటి ప్రశ్న అణువు గురించినది కాదు, శక్తి గురించినది. ఉంగరం నిలవడానికి రెండు స్థానాలు ఉన్నప్పుడు, ఆ రెండింటి మధ్య స్వేచ్ఛాశక్తి తేడా ఎంత, మనం ఇచ్చే ప్రేరణ ఆ తేడాను ఎంత దూరం నెట్టగలదు అన్నదే మొత్తం రూపకల్పనకు మూలం. 25 డిగ్రీల వద్ద నిష్పత్తి 10 రెట్లు మారాలంటే మోలుకు దాదాపు 5.7 కిలోజౌళ్లు కావాలి. 99:1 నిష్పత్తిలో ఉంగరం ఒక పక్కన నిలవాలంటే తేడా 11.4 కిలోజౌళ్లు ఉండాలి. ప్రేరణ తరువాత అది 1:99గా తిరగబడాలంటే ఆ ప్రేరణ మొత్తం మీద దాదాపు 23 కిలోజౌళ్ల మేర తక్కెడను అటు నుంచి ఇటు మొగ్గించాలి. ఒక్క హైడ్రోజన్ బంధాన్ని కొంచెం బలహీనపరచినంత మాత్రాన ఇది సాధ్యం కాదని పిల్లలకు ఈ లెక్కతోనే అర్థమవుతుంది.

దీనికి స్టోడార్ట్ బృందం చేసిన రెండు పనులను వరసగా చెప్పడం మేలు. 1991లో వాళ్లు చేసిన మొదటి షటిల్‌లో (అంటే ఉంగరం రెండు స్థానాల మధ్య అటూ ఇటూ జరిగే రోటాక్సేన్‌లో) ఇరుసు మీది రెండు స్థానాలూ ఒకేలాంటి హైడ్రోక్వినోన్ సమూహాలు. నాలుగు ధనావేశాలున్న ఉంగరం వాటి మధ్య గది ఉష్ణోగ్రత వద్ద సెకనుకు దాదాపు 500 సార్లు అటూ ఇటూ తిరిగింది. కదలిక ఉంది కానీ అదుపు లేదు, ఎందుకంటే రెండు స్థానాల శక్తి సమానం. 1994లో ఒక స్థానంలో బెంజిడీన్, మరో స్థానంలో బైఫీనాల్ పెట్టారు. మైనస్ 44 డిగ్రీల వద్ద ఉంగరం 84:16 నిష్పత్తిలో బెంజిడీన్ వైపు మొగ్గింది. లెక్క వేస్తే ఆ తేడా మోలుకు సుమారు 3.2 కిలోజౌళ్లే. ఇప్పుడు ఆమ్లం వేస్తే బెంజిడీన్ నైట్రోజన్లు ప్రోటాన్లు తీసుకుని ధనావేశితమవుతాయి. ధనావేశమున్న ఉంగరానికి ఆ స్థానం ఇక పొసగదు కాబట్టి అది బైఫీనాల్ మీదికి జరుగుతుంది. పిరిడీన్ వేసి ఆమ్లాన్ని తటస్థం చేస్తే తిరిగి వస్తుంది.

ఇక్కడ పిల్లల చేత గమనింపజేయవలసిన సంగతి ఒకటుంది. మొదటి స్థితిలో ఉన్న మొగ్గు చాలా తక్కువ, ప్రేరణ తరువాత వచ్చే వికర్షణ చాలా ఎక్కువ. ఆకర్షణను కాస్త తగ్గించడం కంటే ఆకర్షణ ఉన్న చోట వికర్షణను పుట్టించడం బలమైన మార్గం. నేను ఏ పరిశోధన ప్రతిపాదన చదివినా ముందు ఈ విషయమే వెతుకుతాను.

మైలవరం_మాస్టారు రాశారు:

వలయబంధం గారి లెక్క సరైనదే. అయితే రోటాక్సేన్‌తో మొదలుపెడితే పిల్లలు దాన్ని ఎక్కడో విదేశాల్లో మాత్రమే జరిగే విషయంగా చూస్తారని నా అభిప్రాయం. ఇంటర్‌లో అయోడిన్ టైట్రేషన్ చేసిన ప్రతి విద్యార్థీ ఇలాంటి సమూహాన్ని చేత్తో తయారు చేసినవాడే. పిండిపదార్థంలోని అమైలోజ్ సర్పిలం లోపల అయోడిన్ అయాన్లు వరసగా కూర్చోవడం వల్లనే ఆ ముదురు నీలం వస్తుంది. ఆ పరీక్షనాళికను వేడి చేస్తే నీలం పోతుంది, చల్లారిస్తే మళ్లీ వస్తుంది. కొత్తగా ఏ సమయోజనీయ బంధమూ ఏర్పడలేదు, ఉన్నదేదీ తెగలేదు, అయినా రంగు మారింది. ఈ ఒక్క పరీక్షనాళిక చూపించి "ఇక్కడ ఆతిథేయి (లోపల చోటిచ్చే అణువు) ఏది, అతిథి (ఆ చోటులో చేరేది) ఏది, ప్రేరణ ఏది?" అని అడిగితే యూనిట్ దానంతట అదే తెరుచుకుంటుంది.

అమైలోజ్ సర్పిలంలో ఒక్కో చుట్టుకు దాదాపు 6 గ్లూకోజ్ యూనిట్లు ఉంటాయి. ఆల్ఫా సైక్లోడెక్స్‌ట్రిన్ వలయంలోనూ 6 గ్లూకోజ్ యూనిట్లే ఉంటాయి. ఈ సైక్లోడెక్స్‌ట్రిన్‌లను 1891లో విలియే పిండిపదార్థం నుంచే రాబట్టాడు. అక్కడి నుంచి సైక్లోడెక్స్‌ట్రిన్ ప్రయోగాల్లోకి వెళ్లడం చాలా సహజంగా ఉంటుంది.

బీటాసెవెన్ రాశారు:

మాస్టారు గారు దారి చూపించారు కాబట్టి నేను ఏటా చేయించే ప్రయోగం వివరిస్తాను. సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి పీహెచ్ 10 నుంచి 10.5 మధ్య ఉండే బఫర్ చేసుకుని, అందులో కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు వస్తుంది. బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పోతే రంగు వెలిసిపోతుంది. 7 గ్లూకోజ్ యూనిట్లున్న ఆ వలయం లోపలి ఖాళీలోకి ఫినాఫ్తలీన్ వెళ్లినప్పుడు దాని మధ్య కార్బన్ చుట్టూ ఉన్న సంయుగ్మత చెడిపోవడమే దీనికి కారణం.

ఇక్కడ తెలివైన పిల్లలు తప్పకుండా అడుగుతారు: "పీహెచ్ తగ్గడం వల్ల రంగు పోయిందేమో కదా?" అడగకపోతే మనమే అడగాలి. వాళ్ల చేతనే రంగు పోయిన గొట్టంలో పీహెచ్ మీటరు ముంచి చూపించాలి. మరో గొట్టంలో బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌కు బదులు అంతే బరువున్న గ్లూకోజ్ వేయించాలి. రంగు అలాగే ఉంటుంది. అంటే చక్కెర వల్ల కాదు, వలయాకారం వల్లే ఈ మార్పు వచ్చిందని తేలుతుంది. బఫర్‌కు బదులు గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్ మాత్రం వాడవద్దు. బలమైన క్షారంలో ఫినాఫ్తలీన్ తనంతట తానే రంగు కోల్పోతుంది, అప్పుడు ఏ కారణం వల్ల ఏది జరిగిందో చెప్పలేం.

రంగు పోయిన గొట్టాన్ని వేడి నీళ్లలో పెడితే గులాబీ రంగు తిరిగి వస్తుంది, చల్లారిస్తే మళ్లీ పోతుంది. బంధనం ఉష్ణమోచకం కాబట్టి లీ షాట్లియర్ సూత్రం ప్రకారం వేడికి అతిథి బయటికి వస్తుంది. ఇది ఉష్ణంతో నడిచే స్విచ్. రెండో గొట్టంలో వేడి చేయకుండా సోడియం లారిల్ సల్ఫేట్ ద్రావణం కలపండి. దాని పొడవాటి కర్బన తోక వలయంలోకి దూరి ఫినాఫ్తలీన్‌ను బయటికి నెట్టేస్తుంది, అప్పుడూ గులాబీ వస్తుంది. ఇది పోటీ అతిథితో నడిచే స్విచ్. కలరిమీటరులో రీడింగులు తీసుకుంటే బంధన స్థిరాంకాన్ని కూడా లెక్కగట్టవచ్చు. అది మోలారిటీ విలోమ ప్రమాణంలో పదివేలకు పైనే వస్తుంది. బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ నీటిలో తక్కువగా, లీటరుకు 18.5 గ్రాములు మాత్రమే కరుగుతుందని గుర్తుంచుకుని ద్రావణం చేసుకోండి.

పరిశోధక_విద్యార్థి_హైద్ రాశారు:

ఈ చర్చ చూసి నా సమస్య కూడా చెప్పాలనిపించింది, సీనియర్లు దయచేసి సలహా ఇవ్వగలరు. నేను అజోబెంజీన్ ఉన్న ఒక ఎమైడ్ జెల్ పదార్థం మీద పనిచేస్తున్నాను. పలుచని ద్రావణంలో 365 నానోమీటర్ల కాంతి పెడితే చదునుగా ఉండే ట్రాన్స్ రూపం వంగిన సిస్ రూపంగా మారడం శోషణ వర్ణపటంలో స్పష్టంగా కనిపిస్తుంది. కానీ అదే దీపం కింద జెల్ పెడితే చాలాసేపటికి గానీ కరగడం లేదు, కరిగినా పైపొర మాత్రమే కరుగుతోంది. ఎన్ఎంఆర్ గొట్టంలో కాంతి పెట్టినా సిస్ వాటా చాలా తక్కువ వస్తోంది. అణువు రూపకల్పనలోనే లోపం ఉందని నేను అనుకోవాలా?

కాంతిపుంజం రాశారు:

తమ్ముడూ, అణువును తప్పుపట్టే ముందు కాంతి ఎంత లోతుకు వెళ్తోందో లెక్క వేయండి. అజోబెంజీన్‌కు 316 నానోమీటర్ల దగ్గర మోలార్ శోషణ గుణకం సుమారు 22,000. ఒక మిల్లీమోలార్ ద్రావణంలో ఒక సెంటీమీటరు దారికి శోషణ విలువ 22 వస్తుంది. అంటే శోషణ శిఖరం దగ్గరి కాంతిలో 90 శాతానికి పైగా మొదటి అర మిల్లీమీటరులోనే ఆగిపోతుంది. 365 దగ్గర గుణకం తక్కువే కానీ, జెల్‌లో మీ గాఢత ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎన్ఎంఆర్ గొట్టంలోనూ ఇదే జరుగుతుంది, పైగా అక్కడ కలియబెట్టడం కూడా ఉండదు. పలుచని పొరగా జెల్ చేయండి, లేదా జెల్ కట్టడానికి కావలసిన కనీస గాఢతకు కాస్త పైన మాత్రమే ఉండేలా చూసుకోండి. కనీస గాఢతకు దగ్గరగా ఉన్నప్పుడు కొద్ది శాతం ట్రాన్స్ తగ్గినా జెల్ విడిపోతుంది, ఎంతో పైన ఉంటే సగం మారినా మిగిలిన సగం పోగులు పట్టి ఉంచుతాయి.

రెండో కారణం కూడా ఉంది. ట్రాన్స్ రూపంలో ఈ అణువు చదునుగా, రెండు కొసల మధ్య సుమారు 9 ఆంగ్‌స్ట్రాములు ఉంటుంది. సిస్ రూపంలో వంగి, ఆ దూరం 5.5కు పడిపోతుంది. పోగుల్లో పక్కపక్కన గట్టిగా ఇరుక్కున్నప్పుడు ఆ వంగడానికి చోటు ఉండదు. జెల్ కావాలంటే గట్టి కూర్పు కావాలి, మార్పు కావాలంటే వదులు కావాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అజో భాగానికీ ఎమైడ్ భాగానికీ మధ్య కొన్ని మిథిలీన్ సమూహాలు చేర్చి చూడడం ఇక్కడ సాధారణంగా చేసే మార్పు.

ఇంకొక్క మాట. దీపం వేడికి జెల్ కరుగుతోందా, కాంతికి కరుగుతోందా అన్నది మీ థీసిస్‌ను పరీక్షించేవారు అడిగే మొదటి ప్రశ్న. అజో సమూహం లేని, అలాంటి జెల్ పదార్థాన్నే పక్కన పెట్టి అదే దీపం చూపించండి, ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. కరిగిన ద్రావణం మీద నీలి కాంతి పెడితే మళ్లీ జెల్ కట్టాలి. అది కట్టకపోతే మీ దగ్గర ఉన్నది స్విచ్ కాదు, కాంతికి చెడిపోయే పదార్థం.

పరిశోధక_విద్యార్థి_హైద్ రాశారు:

చాలా కృతజ్ఞతలు అన్నా. సిస్ రూపం పగటి వెలుతురులోనే తిరిగి మారిపోతోందన్న అనుమానం కూడా ఉంది. ఎక్కువ కాలం నిలిచే సిస్ కావాలంటే ఏం చేయాలి?

కాంతిపుంజం రాశారు:

మామూలు అజోబెంజీన్ సిస్ రూపం చీకటిలో గది ఉష్ణోగ్రత వద్ద రోజుల తరబడి ఉంటుంది, కాబట్టి నమూనాను రేకులో చుట్టి ఉంచితే మీ పనికి సరిపోవచ్చు. ఇంకా స్థిరత్వం కావాలంటే అజో సమూహానికి పక్కనున్న నాలుగు ఆర్థో స్థానాల్లో ఫ్లోరిన్ పెట్టే పద్ధతి ఉంది. 2012లో హెక్ట్ బృందం ప్రచురించిన ఆ అణువు సిస్ రూపం అర్ధాయువు గది ఉష్ణోగ్రత వద్ద సుమారు రెండేళ్లు. ఆకుపచ్చ కాంతితో ఒక వైపు, నీలి కాంతితో మరో వైపు మారుతుంది కాబట్టి యూవీ అవసరమూ ఉండదు. దీనికి ఎదురు కొసన మిథైల్ ఆరెంజ్ లాంటివి ఉన్నాయి. ఒక పక్క ఎలక్ట్రాన్లు ఇచ్చే సమూహం, మరో పక్క లాగే సమూహం ఉండటం వల్ల నీటిలో వాటి సిస్ రూపం కన్ను మూసి తెరిచే లోపే వెనక్కి వచ్చేస్తుంది. మిథైల్ ఆరెంజ్‌కు కాంతి పెట్టి "మార్పు రాలేదు" అని పిల్లలు అంటే, మార్పు రాలేదని కాదు, మనం చూసేలోపే తిరిగిపోయిందని చెప్పాలి.

మేడమ్, మీ ప్రయోగశాలకు అజోబెంజీన్ టీఎల్‌సీ సరిగ్గా సరిపోతుంది. పలక మీద అజోబెంజీన్ చుక్క పెట్టి యూవీ దీపం కింద ఉంచి, దాని పక్కనే వెలుతురు తగలని మరో చుక్క పెట్టి, హెక్సేన్ ఎక్కువగా ఉన్న ద్రావణిలో నడపండి. వెలుతురు తగిలిన చుక్క రెండు మచ్చలుగా విడిపోతుంది. కిందిది సిస్. దానికి సుమారు 3 డిబైల ద్విధ్రువ భ్రామకం ఉంది కాబట్టి సిలికాను గట్టిగా పట్టుకుంటుంది. ట్రాన్స్‌కు ఆ భ్రామకం సున్నా. ఎండలో పెట్టినా రెండో మచ్చ వస్తుంది కానీ, ఎండలోని నీలి కాంతి సిస్‌ను వెనక్కి తిప్పుతూ ఉంటుంది కాబట్టి మచ్చ లేతగా ఉంటుంది.

ఇక తిరిగి మారడాన్ని కూడా చూపించాలంటే చతురస్రాకారపు పలక తీసుకోండి. ఒక మూలన చుక్క పెట్టి, కాంతి చూపించి, ఒక దిశలో నడిపి, ఆరబెట్టి, మళ్లీ కాంతి చూపించి, పలకను 90 డిగ్రీలు తిప్పి అదే ద్రావణిలో మళ్లీ నడపండి. మధ్యలో ఏ మార్పూ జరగకపోతే మచ్చలన్నీ కర్ణం మీదే ఉంటాయి. కర్ణానికి రెండు పక్కలా కొత్త మచ్చలు కనిపిస్తే, సిస్ నుంచి ట్రాన్స్, ట్రాన్స్ నుంచి సిస్ రెండూ పుట్టాయన్నమాట. ఆ పలకను చూసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు నాకు ఈ వృత్తిలో ఎంతో ఇష్టమైన విషయం. అజోబెంజీన్ ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి చేతి తొడుగులు, యూవీ కళ్లద్దాలు తప్పనిసరి, ద్రావణాల మిగులును సింకులో పోయనివ్వకండి.

నిలువుగీత రాశారు:

ఒక విషయంలో జాగ్రత్త అవసరమని భావించి రాస్తున్నాను. అటూ ఇటూ మారే ప్రతిదాన్నీ "అణు మోటారు" అని పిల్లలకు చెప్పే అలవాటు పెరిగింది. స్విచ్ వెళ్లిన దారినే తిరిగి వస్తుంది కాబట్టి, వెళ్లేటప్పుడు చేసిన పనిని వచ్చేటప్పుడు తానే రద్దు చేస్తుంది. ఫెరింగా 1999లో చూపించిన అణువులో రెండు కాంతి దశలు, రెండు ఉష్ణ దశలు ఒకదాని తరువాత ఒకటి వచ్చి, ప్రతి ఉష్ణ దశా వెనక్కి వెళ్లే దారిని మూసేస్తుంది. అందువల్లనే అది ఒకే దిశలో తిరుగుతుంది. మామూలు అజోబెంజీన్‌కు ఆ గుణం లేదు.

రసాయన ప్రేరణ గురించి కూడా చెప్పాలి. ఆమ్లం, క్షారం మార్చి మార్చి వేసిన ప్రతిసారీ ద్రావణంలో లవణం పేరుకుపోతుంది, కొంతసేపటికి ఆ లవణమే బంధనాన్ని దెబ్బతీస్తుంది. ఎన్ని ఆవర్తనాలు నడుస్తుందన్నది అణువు గట్టిదనం మీదే కాదు, మిగులు పదార్థం ఎక్కడికి పోతుందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని ఇంధనంగా వాడే పద్ధతి ఈ ఇబ్బందికి మంచి జవాబు. అది ముందు ప్రోటాన్ ఇస్తుంది, తరువాత నెమ్మదిగా కార్బన్ డయాక్సైడ్, క్లోరోఫామ్‌గా విడిపోతూ ఆ ప్రోటాన్‌ను వెనక్కి తీసుకుంటుంది. క్షారాన్ని మళ్లీ మళ్లీ వేయవలసిన పని ఉండదు.

వలయబంధం రాశారు:

నిలువుగీత గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. విద్యుత్తుకు ఉదాహరణ కావాలంటే సోవాజ్ పని చెప్పవచ్చు. 1983లో ఆయన బృందం రాగి అయాన్‌ను అచ్చుగా వాడి ఫినాంత్రొలీన్ లైగాండ్లను ఒకదానికొకటి అడ్డంగా పట్టి ఉంచి కాటినేన్ (గొలుసు లంకెల్లా చిక్కుకున్న రెండు వలయాలు) చేసింది. అంతకు ముందు యాదృచ్ఛికంగా చిక్కుకోవడం మీద ఆధారపడినప్పుడు దిగుబడి ఒక శాతం కూడా ఉండేది కాదు, ఈ పద్ధతిలో 42 శాతం వచ్చింది. 1994లో ఒక వలయంలో ఫినాంత్రొలీన్‌తో పాటు టెర్పిరిడీన్‌ను కూడా పెట్టారు. ఒక ధనావేశమున్న రాగికి నాలుగు బంధాల అమరిక నచ్చుతుంది, రెండు ధనావేశాలున్న రాగికి ఐదు నచ్చుతాయి. ఒక్క ఎలక్ట్రాన్ తీసేస్తే వలయం తిరుగుతుంది, ఇస్తే వెనక్కి వస్తుంది, ద్రావణంలో మిగులేమీ ఉండదు. అయితే ఆక్సీకరణం తరువాతి కదలిక చాలా నెమ్మది, క్షయకరణం తరువాతిది వేగం. ఏ అమరిక స్థిరమైనదో ఒక ప్రశ్న, అక్కడికి ఎంత సేపట్లో చేరుతుందో మరో ప్రశ్న. ఈ రెండింటినీ పిల్లలు కలిపేయకుండా చూడాలి.

మన దగ్గరి ఉదాహరణ అవసరమైతే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గౌతమ్ దేశిరాజు గారు స్ఫటిక రూపకల్పన మీద చేసిన పని చెప్పండి. అణువులు ఘనస్థితిలో ఒకదానినొకటి పట్టుకునే తీరును ముందుగా ఊహించి, సంశ్లేషణలాగే దాన్నీ ప్రణాళిక ప్రకారం చేయవచ్చన్న ఆలోచనను ఆయన 1995లో ఒక వ్యాసంలో వివరంగా ప్రతిపాదించారు. అది స్విచ్‌ల గురించినది కాదు, అయినా బలహీన బంధాలతో నిర్మించడం అన్న క్రమశిక్షణ అక్కడి నుంచి నేర్చుకోవచ్చు.

గోదావరి_రసాయనం రాశారు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మాస్టారు గారి సలహా ప్రకారం పిండిపదార్థం, అయోడిన్‌తో మొదలుపెట్టి, బీటాసెవెన్ గారి ఫినాఫ్తలీన్ ప్రయోగం చేయించి, ఆ తరువాతే శక్తి లెక్క, షటిళ్లు చెప్పాలని నిశ్చయించుకున్నాను. టీఎల్‌సీని చివరి ప్రాక్టికల్‌గా పెడతాను. యూనిట్ పరీక్షకు ఒక ప్రశ్న తయారు చేశాను, దయచేసి పరిశీలించండి.

"ఒక రోటాక్సేన్ ఇరుసు మీద డైఆల్కైల్ అమోనియం, బైపిరిడీనియం స్థానాలున్నాయి. ఉంగరం డైబెంజో-24-క్రౌన్-8. 25 డిగ్రీల వద్ద అమోనియం మీద ఉంగరం వాటా 90 శాతం, క్షారం వేశాక 10 శాతం. (అ) ప్రేరణ వల్ల స్వేచ్ఛాశక్తి తేడా ఎంత మారింది? (ఆ) క్షారం వేసినప్పుడు ఉంగరం ఎందుకు జరిగింది? (ఇ) పరిస్థితిని తిరిగి మొదటికి తేవడానికి ఏం వేస్తారు, ఆ తరువాత ద్రావణంలో ఏం మిగులుతుంది?"

వలయబంధం రాశారు:

ప్రశ్న బాగుంది మేడమ్. (అ)కు జవాబు ఒక్కో వైపు 5.45 చొప్పున మొత్తం దాదాపు 10.9 కిలోజౌళ్లు. ఒక సవరణ మాత్రం సూచిస్తాను. నిజమైన రోటాక్సేన్‌లలో ఉంగరం అమోనియం మీద దాదాపు పూర్తిగా ఉంటుంది, కాబట్టి 90కి బదులు 99 అని ఇచ్చి లెక్క మళ్లీ వేయించండి. ఇంకో ఉపప్రశ్న కూడా చేర్చవచ్చు: "క్రౌన్ ఈథర్ ఉంగరం (డైబెంజో-24-క్రౌన్-8) చుట్టుకుని ఉన్న అమోనియం నుంచి ప్రోటాన్ తీయడానికి, ఉంగరం లేని అమోనియంకు సరిపోయే క్షారమే సరిపోతుందా?" సరిపోకపోవచ్చు. ఉంగరం హైడ్రోజన్ బంధాలతో ఆ ప్రోటాన్‌ను పట్టి ఉంచడం వల్ల అమోనియం ఆమ్లత్వం తగ్గుతుంది, అందుకే బలమైన క్షారాన్ని ఎంచుకోవలసి వస్తుంది. (ఆ)కు సరిగ్గా జవాబు రాసిన విద్యార్థి దీన్నీ రాయగలడు.

బీటాసెవెన్ రాశారు:

మేడమ్, ఫినాఫ్తలీన్ ప్రయోగం రోజున బఫర్‌ను ఆ ఉదయమే చేసుకోండి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కు పీహెచ్ కొంత దిగుతుంది. బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ గోరువెచ్చని నీటిలో త్వరగా కరుగుతుంది కానీ, పూర్తిగా చల్లారాకే గొట్టంలో కలపాలి. వేడిగా కలిపితే రంగు వెలవకుండా అలాగే ఉండి పిల్లలు కంగారుపడతారు.